అల్బుమిన్ పరీక్ష ఆపొద్దు



ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ గర్భిణులకు మూత్ర పరీక్ష చేయడం దండగంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన లేఖకు ఇది జవాబు. చక్కెర వరకు ఆ మాట కొంత నిజమే. గర్భంతో వచ్చే మధుమేహం తేలేది 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు చేసే రక్త పరీక్షలోనే. మూత్రంలో కనిపించే అల్బుమిన్ అనే ప్రొటీను సంగతి వేరు. ఐదో నెల దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ముంచిన పరీక్ష పట్టీ మీద పసుపు గడి ఆకుపచ్చకు తిరిగిందంటే గర్భిణికి ఫిట్స్ తెచ్చే గుర్రపువాతం ముప్పు ఉన్నట్టే. అప్పటికి ఆ తల్లికి తలనొప్పి, వాపు ఏవీ లేకపోవచ్చు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల ఆడవాళ్లు ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలు చేసే సురక్షిత మాతృత్వ అభియాన్‌కు బస్సెక్కి వస్తారు. మూత్రం పట్టమని చేతికి డబ్బా ఇచ్చి గడియ లేని మరుగుదొడ్డి చూపిస్తే వాళ్లేం చేస్తారు? పరీక్ష ఆపమనేముందు ఆ తలుపుకు గడియ పెట్టించండి. పట్టీల డబ్బా మీద గడువు తేదీ చూడండి.

— ఒక పాఠకురాలు, పుంగనూరు