చెయ్యి కుదుటపడింది సరే, మాట సంగతి?

రియాద్‌లోనో, దమ్మామ్‌లోనో, జెడ్డాలోనో పనిచేసే మనలో చాలామందికి అమ్మానాన్నలు కనిపించేది ఫోన్ తెర మీదే. పార్కిన్సన్స్ జబ్బుతో వణికిన నాన్న చెయ్యి ఆపరేషన్ తర్వాత గ్లాసును నిలకడగా పట్టుకుంటే ఇక్కడ మనకు ప్రాణం లేచొస్తుంది. లక్షలు ఖర్చయినా ఫరవాలేదనిపిస్తుంది. ఆయన మాట కోసం తడుముకోవడం మాత్రం ఆ తెర మీద కనిపించదు. అది పక్కనున్న అమ్మకే తెలుస్తుంది. ఆమె చెబితే "వయసు కదమ్మా" అని కొట్టిపారేస్తాం.

డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ అంటే మెదడు లోతుకు సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద పెట్టిన బ్యాటరీతో కరెంటు పంపడం. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ బృందం దీనికి దారి వేసింది. పార్కిన్సన్స్‌కు వాడటానికి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. రియాద్ కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆస్పత్రిలోనూ, మన హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్ చేస్తున్నారు. మందులు వేసుకున్నా మధ్యమధ్య బిగుసుకుపోయే మనిషికి ఇది వరమే. వద్దనడం మా ఉద్దేశం కాదు.

అయితే అధ్యయనాల్లో పదే పదే బయటపడిన ఇబ్బంది ఒకటుంది: మాటలు చటుక్కున తట్టకపోవడం. ఒక్క నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంటే, ఆపరేషన్‌కు ముందు చెప్పినన్ని చెప్పలేరు. జ్ఞాపకశక్తి చాలామందిలో పెద్దగా దెబ్బతినదు గానీ కొందరిలో తగ్గుతుంది. పెద్ద వయసువారికి, అప్పటికే మతిమరుపు మొదలైనవారికి ముప్పు ఎక్కువ. పైగా పార్కిన్సన్స్ జబ్బే మతిమరుపు తెస్తుంది. ఏది జబ్బు పని, ఏది తీగల పని అని తేల్చాలంటే ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్ష చేతిలో ఉండాలి.

మరి ఆ పరీక్ష ఏ భాషలో? తెలుగు తప్ప రాని నాన్నను విజిట్ వీసా మీద ఇక్కడికి తెచ్చి, కొడుకునే దుబాసీగా కూర్చోబెట్టి అరబిక్‌లోనో ఇంగ్లీషులోనో అడిగిస్తే ఏం తేలుతుంది? (కొడుకు మధ్యలో జవాబు అందించేస్తాడు కూడా!) నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు రోగులపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో వాడిన ఏసీఈ-ఆర్ పరీక్షను తెలుగుకు, హిందీకి, దక్కనీకి తగ్గట్టు మలిచారు. అంటే తెలుగులో పరీక్ష ఉంది. అడిగి చేయించుకోవాల్సింది మనమే.

కరెంటు మోతాదును బయటినుంచే మార్చవచ్చు కాబట్టి, కొన్ని ఇబ్బందులను డాక్టరు సర్దగలరు. కానీ ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలిగా? చెకప్‌కు అమ్మను కూడా పంపాలి. ఇక శుక్రవారం ఫోన్‌లో "చెయ్యి చూపించు నాన్నా" అని ఊరుకోకుండా, పొద్దున ఎవరొచ్చారో, ఏం కూర తిన్నారో అడగాలి. మాట దొరక్క ఆగితే మనం అందించకుండా, ఆయనే చెప్పేదాకా ఆగాలి.