పోలీసువారి ప్రశ్న – పౌరుని హక్కు

1978వ సంవత్సరము మార్చి నెలాఖరున హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడును అతని భార్యయు రాత్రి సినిమా చూచి యింటికి తిరిగి వచ్చుచుండిరి. దారిలో పోలీసువారు ఆమెను పట్టుకొని నల్లకుంట ఠాణాకు గొనిపోయిరి. అచట ఆమెపై అత్యాచారము జరిగెను. అడుగవచ్చిన భర్త దెబ్బలు తిని మరణించెను. నగరము అట్టుడికినట్లు ఉడికెను. కర్ఫ్యూ విధింపబడెను, తుపాకులు ప్రేలెను. ప్రభుత్వము నియమించిన జస్టిసు ముక్తదర్ విచారణ సంఘము పోలీసువారే దోషులని తేల్చెను. అయినను కేసు రాయచూరునకు బదిలీయై, అచటి న్యాయస్థానమున ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలయిరి. ఆ రాత్రి ఆ దంపతులు చేసిన పని వీథిలో నడచుట.

ఇది గడచిన కథ యని పత్రిక ముడిచి పెట్టుటకు వీలులేదు. 2021 అక్టోబరులో గంజాయి నిర్మూలన పేరిట అదే నగరమున పోలీసువారు దారిన పోవువారిని ఆపి, సెల్‌ఫోన్లు తెరిపించి, వాట్సాపులో ‘గంజాయి’ యను మాట వెదకు దృశ్యములను జనులు వీడియోలలో చూచిరి. అంతకు కొన్ని నెలల ముందు, మే నెలలో, తనను వీథిలో నిలిపి మాస్కు తీయుమని, అంగీకారము లేకయే ఫొటో తీసికొనిరని ఒక పౌరుడు ఆక్షేపించి హైకోర్టు కెక్కగా, 2022 జనవరిలో ప్రభుత్వమునకు నోటీసు వెడలెను. ఆయన ‘ఏ చట్టము ప్రకారము?’ అని అడిగెను. తక్కినవారము ఫోను తెరచి చేతి కిచ్చితిమి.

వీథిలో నిలుపబడిన మనుజుడు మొట్టమొదట తెలిసికొనదగినది, ప్రశ్నించుట వేరు, నిర్బంధించుట వేరు అను భేదము. ఖాకీ దుస్తులు కనబడగానే ఈ రెండును ఒకటేయని మన జను లనుకొందురు. పోలీసువారు ఆ భ్రమను తొలగింపరు. 2024 జూలై 1వ తేదీనుండి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. పేరు మారినది, సెక్షన్ల అంకెలు మారినవి. ఈ భేదము మాత్రము మారలేదు. మిమ్ము ఆపిన యుద్యోగిని మర్యాదగా అడుగవలసిన దొక్కటే: ‘అయ్యా, నేను వెళ్లవచ్చునా, లేక నన్ను అరెస్టు చేసితిరా? చేసినయెడల ఏ కారణమున?’ ఈ ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి తరువాతి హక్కులన్నియు నిర్ణయమగును.

పేరు, చిరునామా చెప్పుటకు సంకోచింపకుడని మా సలహా. గుర్తింపు కార్డు లేకుండ వీథిలో నడువరాదను సాధారణ శాసనమేదియు ఈ దేశమున లేదు. కాని చిన్న నేరమైనను పోలీసువాని కన్నుల యెదుట జరిగినప్పుడు, ఆ నేరము మోపబడినవాడు పేరు చెప్ప నిరాకరించినను, అబద్ధపు పేరు చెప్పినను, దానిని నిర్ణయించుకొనుటకై పట్టుకొనవచ్చునని 39వ సెక్షను చెప్పుచున్నది. వాహనము నడుపువాడు యూనిఫారములోనున్న పోలీసు అడిగినప్పుడు లైసెన్సు చూపవలసినదే. క్రొత్త సంహితలోని 172వ సెక్షను మరియొక మెలిక పెట్టినది: నేర నివారణ విధులలో పోలీసువా రిచ్చు ‘న్యాయసమ్మతమగు’ ఆజ్ఞను ధిక్కరించినవానిని అచటినుండి తొలగింపవచ్చును, లేదా పట్టి యుంచవచ్చును. అట్లు పట్టబడినవానిని మేజిస్ట్రేటు నొద్దకు గొనిపోవలెను. స్వల్ప విషయమైనచో ఇరువదినాలుగు గంటలలోపల విడువవలెను. ఆజ్ఞ న్యాయసమ్మతమో కాదో వీథిలో తేల్చువాడెవ్వడు? అందుచేతనే వీథిలో పెనగులాట వలదని చెప్పుచున్నాము. హక్కు చెప్పుకొనుటకు నోరు చాలును. చేయి లేచినచో పోలీసువారికి లేని కేసు మనమే సమకూర్చి యిచ్చినట్లగును.

విచారణకై ఠాణాకు రమ్మన్నచో ఆ యుత్తరువు వ్రాతపూర్వకముగా నుండవలెను. స్త్రీలను, పదునైదేండ్ల లోపు బాలురను, అరువదేండ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్రవ్యాధి పీడితులను వారి యిండ్లవద్దనే విచారింపవలయునని 179వ సెక్షను. ఒడిశా ముఖ్యమంత్రిగా నుండిన నందినీ సత్పతి నంతటి యామెనే ఠాణాకు పిలిచి, జవాబు చెప్పలేదని కేసు పెట్టిరి. 1978లో సుప్రీముకోర్టులో జస్టిసు కృష్ణయ్యరు, తన్నుతాను నేరములో ఇరికించుకొను జవాబు చెప్పనక్కరలేదను రక్షణ కోర్టు గదిలోనే కాక పోలీసు విచారణలోను గలదని తీర్పు చెప్పెను. తక్కిన ప్రశ్నలకు నిజము చెప్పవలసినదే. చెప్పినదానిని పోలీసువారు వ్రాసికొన్నచో దానిపై మీరు సంతకము చేయరాదు, చేయుమని వారడుగనురాదు. తెల్లకాగితముపై సంతకమును గూర్చి వేరుగా చెప్పవలెనా!

పోలీసువాని యెదుట ఒప్పుకొన్న నేరము సాక్ష్యముగా చెల్లదను నియమము ఎట్లు పుట్టినదో మన ప్రాంతము మరువరాదు. 1855లో చెన్నరాజధానిలో కంపెనీ ప్రభుత్వమే నియమించిన హింసావిచారణ సంఘము, శిస్తు వసూలునకును నేరాంగీకారములకును జనుల చేతులను చెక్కల నడుమ బిగించి హింసించుట వాడుకగా నున్నదని నివేదించెను. నాడు తెలుగు జిల్లాలును ఆ రాజధానిలోనివే. తమ పోలీసును తామే నమ్మలేక పరప్రభుత్వము పెట్టిన ఆ కట్టుబాటు, 1872 సాక్ష్యచట్టమునుండి నేటి భారతీయ సాక్ష్య అధినియమములోని 23వ సెక్షను వరకు నిలిచియున్నది.

ఇక జేబులు తడవుట, ఫోను తెరిపించుట. సోదాకు కారణముండవలెను, విచారణలో నున్న కేసునకై చేయు సోదాకు ఆ కారణమును ముందుగా కాగితముపై పెట్టవలెను. మాదకద్రవ్యముల చట్టము బహిరంగ స్థలములలో విశేషాధికారము లిచ్చినమాట నిజమే. కాని ఆ చట్టమునందే, మనుష్యుని యొడలు సోదా చేయునప్పుడు గెజిటెడు అధికారి యెదుటకో మేజిస్ట్రేటు నెదుటకో తీసికొనిపొమ్మని కోరు హక్కు 50వ సెక్షనులో గలదు. ఏ కేసును లేక, ఏ కారణమును వ్రాయక, దారిన పోవువాని ఫోనులోని జాబులు చదువు సాధారణాధికారము మాకు సంహితలో ఎందును కనబడలేదు. ఆంతరంగికత ప్రాథమిక హక్కేయని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పియున్నారు.

అరెస్టు చేసినట్లయిన, ఆ యుద్యోగి తన పేరు స్పష్టముగా కనబడు గుర్తు ధరింపవలెను. కారణము చెప్పవలెను. బంధువునకో మిత్రునకో తెలుపవలెను. కోరిన న్యాయవాదిని విచారణ కాలమున కలిసికొననీయవలెను. విచారణ సాంతము ఆయన ప్రక్కన కూర్చుండు హక్కు మాత్రము లేదు. ప్రయాణకాలము మినహా ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. స్త్రీని సూర్యాస్తమయము తరువాత, సూర్యోదయమునకు ముందు అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితిలో చేయవలసివచ్చిన, మహిళా పోలీసు అధికారిణియే, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో చేయవలెను. మొదట చెప్పిన దంపతుల కథ చదివినవారికి ఈ నియమపు విలువ తెలియును.

వీనియన్నిటిలో చదువరులకు మేము ప్రత్యేకముగా చూపదలచినది 36వ సెక్షను. అరెస్టు చేసిన వెంటనే తేదీ, వేళ వ్రాసి ఒక పత్రము సిద్ధపరచవలెను. దానిపై అరెస్టయినవాని కుటుంబీకుడొకడో, ‘ఆ ప్రాంతమునందలి గౌరవనీయుడగు వ్యక్తి’ యొకడో సాక్షిగా సంతకము చేయవలెను. బెంగాలు న్యాయసహాయ సంస్థకు చెందిన డి.కె. బసు 1986లో లాకప్పు మరణములను గూర్చి సుప్రీముకోర్టునకు వ్రాసిన లేఖనుండి 1996 డిసెంబరులో వెలువడిన తీర్పు ఈ నియమమును విధించెను; తరువాత అది చట్టములోని కెక్కెను.

ఎవరా గౌరవనీయుడు? మా వృత్తిలో ఈ పత్రములు తరచు చూచుచుందుము. సంతకము ఠాణా యెదుటి టీదుకాణమువానిది, లేదా ఏడాదికి పదికేసులలో సాక్ష్యమిచ్చు వాడుక సాక్షిది. ఒక తోపుడుబండి కుర్రవానిని పట్టపగలు సంతలో పట్టుకొనగా, చుట్టును మాస్టర్లు, గుమాస్తాలు, వర్తకులు నిలిచి చూచిరట. పత్రముమీద సాక్షి మాత్రము మూడు మైళ్ల దూరమువాడు! ఆ వేళ యెంతయని కోర్టులో అడిగినప్పుడు, పోలీసువారు చెప్పిన వేళ తప్పని చెప్పుటకు ఒక్క పెద్దమనిషియు రాలేదు. పోలీసు వ్రాసిన వేళయే వేళయయ్యెను. ఇరువదినాలుగు గంటల లెక్క అచటినుండియే ప్రారంభమయ్యెను. ఆ సంతలో నిలిచినవారు దుర్మార్గులు కారు. ‘మన కెందుకు’ అనుకొన్నారు. కొందరికి భయమును వేసియుండును. ఆ భయము నిష్కారణమని మే మనము. కాని ఒకడు అడిగిన భయపడవలసినచోట నలుగురు కలిసి అడిగిన అంత భయము లేదు. గడియారము చూచుకొని, ఉద్యోగి గుండెమీది పేరు చదివి, ‘మేము సాక్షి సంతకము చేయుదుము’ అని ముందుకు వచ్చుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

పఠనాలయ కార్యదర్శుల కొక మనవి. సంహితలోని 36, 38, 47, 48, 58, 179 సెక్షన్లను తెలుగున పెద్దయక్షరములతో వ్రాయించి, పత్రికల బల్లకెదురుగా గోడకు అంటింపుడు. క్రింద 15100 అను అంకె వేయింపుడు. అది ఉచిత న్యాయసహాయమునకు ప్రభుత్వమే పెట్టిన టెలిఫోను నంబరు. చదువురానివారు వచ్చినప్పుడు వారమున కొకసారి ఎవరైన పైకి చదివి వినిపింపుడు. రిక్షావాండ్రు, ఆటోవాండ్రు నిలుచు స్తంభమునకు ఇంకొక ప్రతి కట్టింపుడు.