చనిపోయిన డ్రైవరుదేనా తప్పు?

2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని దగ్గర ఒక గూడ్సు రైలు కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనకనుంచి గుద్దింది. గూడ్సు లోకో పైలట్ చనిపోయాడు. డ్రైవరు సిగ్నల్ లెక్కచేయలేదని రైల్వే బోర్డు ఆ రోజే చెప్పేసింది. చనిపోయినవాడు జవాబు చెప్పడు కదా!

తర్వాత రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో బయటపడింది వేరు. ఆ ఉదయం నుంచి ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయడం లేదు. ఎర్ర సిగ్నళ్లు దాటవచ్చని అతనికి కాగితం ఇచ్చింది స్టేషనే. ఎంత వేగంతో పోవాలో అందులో రాయలేదు. అదే కాగితంతో వెళ్లిన మిగతా రైళ్లు కూడా చాలావరకు నియమం పాటించలేదు. అంటే చెడ్డవాడు ఒకడు కాదు, నేర్పించని వ్యవస్థ.

సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని యేసు నిలదీశాడు. ద్వితీయోపదేశకాండం 22:8 ప్రకారం మిద్దెకు పిట్టగోడ కట్టాల్సింది ఇంటివాడు. కట్టకపోతే పడినవాడి రక్తం ఆ ఇంటిమీదే.

మన పావగడ మీదుగా రాయదుర్గం–తుమకూరు లైను వేస్తున్నారు. రేపు ఆ పట్టాల మీద సుత్తి పట్టుకుని నడిచే ట్రాక్‌మన్‌లు మన సంఘాల పిల్లలే కావచ్చు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఉద్యోగం దొరికితే చాలనుకోకండి. రాత్రి డ్యూటీల మధ్య విశ్రాంతి ఎన్ని గంటలు? తృటిలో తప్పిన ప్రమాదాన్ని చెప్పినవాడికి మెమో ఇస్తారా, మెచ్చుకుంటారా? అడగండి. యూనియన్ మీటింగు ఆదివారం పెట్టినా వెళ్లండి, పాస్టరుగా నేనే చెబుతున్నాను.