గోల్‌మురిలో ఇంటి నక్షా: ఆమోదించేది ఎవరు, అడిగేది ఎవరు?

జంషెడ్‌పూర్‌ నగరంలోని గోల్‌మురిలో ఇల్లు కట్టుకోదలచిన వ్యక్తి మొదట తెలుసుకోవలసింది సిమెంటు ధర కాదు. తన స్థలం ఏ తరగతికి చెందినదో ముందు తేలాలి. 1920లో స్థాపితమై, 2024 జనవరిలో టాటా స్టీల్‌లో విలీనమైన టిన్‌ప్లేట్‌ కంపెనీ క్వార్టర్లు ఇక్కడ ఉన్నాయి. 2000 సంవత్సరంలో మూతపడిన కేబుల్‌ కంపెనీ కాలనీ ఇక్కడే ఉంది. సబ్‌లీజు స్థలాలలో లేచిన దుకాణ సముదాయాలు, వాటి వెనుక ఇరుకు సందుల బస్తీలు కూడా కూతవేటు దూరంలోనే కనిపిస్తాయి. నడిచి వెళ్ళేవారికి ఇదంతా ఒకే పేట. ఇంటి ప్లాను పట్టుకుని కార్యాలయానికి వెళ్ళేవారికి మాత్రం ఇవి వేరువేరు లోకాలు.

భవన నిర్మాణ ప్లానును ఈ ప్రాంతంలో నక్షా అంటారు. 'నక్షా పాస్‌ అయిందా' అన్న ప్రశ్న ఇల్లు కొనేవారి నోట, అప్పు ఇచ్చే బ్యాంకుల నోట, చివరకు న్యాయస్థానాల నోట కూడా వినిపిస్తున్నది. నగరంలోని అనధికార కట్టడాలపై దాఖలైన ప్రజాహిత వ్యాజ్యాన్ని విచారిస్తూ జార్ఖండ్‌ హైకోర్టు న్యాయవాదుల బృందం చేత క్షేత్ర పరిశీలన జరిపించింది. ఆమోదం పొందిన అంతస్తులకు మించి కట్టడం, వాహనాలు నిలపవలసిన బేస్‌మెంట్లలో దుకాణాలు తెరవడం ఈ వివాదంలోని ప్రధాన ఆరోపణలు. బేస్‌మెంట్లకు తాళాలు వేసే కార్యక్రమాలు ఇంతకు ముందూ జరిగాయి. కొంతకాలానికి ఆ తాళాలు ఊడడమూ జరిగింది.

పద్ధతి ప్రకారం చూస్తే విధానంలో పెద్ద లోపం కనిపించదు. జార్ఖండ్‌ మునిసిపల్‌ చట్టం 2011లో వచ్చింది. భవన నిర్మాణ ఉపవిధులు 2016లో అమలులోకి వచ్చాయి. గుర్తింపు పొందిన సాంకేతిక నిపుణుడు గీసిన ప్లానును ఆన్‌లైన్‌లో సమర్పించాలి. రోడ్డు వెడల్పును బట్టి భవనం ఎత్తు, నాలుగు వైపులా వదలవలసిన ఖాళీ, స్థలం విస్తీర్ణానికీ మొత్తం అంతస్తుల విస్తీర్ణానికీ ఉండవలసిన నిష్పత్తి, వాహనాల చోటు మొదలైనవాటిని కంప్యూటరే కొలిచి చెబుతుంది. ఆ తరువాత ఇంజనీరు స్థలాన్ని చూడాలి, రుసుము చెల్లించాలి, మంజూరు ఉత్తర్వు రావాలి. నిర్మాణం పూర్తయ్యాక, ప్లాను ప్రకారమే కట్టారని నిర్ధారించి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ ఇవ్వాలి.

కంప్యూటరు కొలిచేది కాగితం మీద గీతలను మాత్రమే. మంజూరైన ప్లానులో రెండంతస్తులు ఉండి, నేల మీద నాలుగు లేస్తే ఆ తేడాను చూడవలసింది మనుషులే. సమీక్షకు వెచ్చించే శ్రద్ధ అంతా మంజూరు నాటికి ముగిసిపోవడం, పునాది నుంచి పైకప్పు వరకు జరిగే అసలు పనిని చూసేవారు లేకపోవడం ఈ దేశంలో దాదాపు ప్రతి పట్టణానికీ ఉన్న జబ్బే. జంషెడ్‌పూర్‌కు దానికి తోడు మరో చిక్కు ఉంది. అది నేల చరిత్రలో ఉన్నది.

ఉక్కు కర్మాగారం కోసం వెలసిన ఈ ఊరికి జూలియన్‌ కెనెడీ, ఎఫ్‌.సి.టెంపుల్‌, పి.జి.డబ్ల్యు.స్టోక్స్‌, ఒట్టో కోనిగ్స్‌బెర్గర్‌ వంటి నిపుణులు ఒకరి తరువాత ఒకరు ప్రణాళికలు రచించారు. 1940లలో ఇక్కడ పనిచేసిన కోనిగ్స్‌బెర్గరే అనంతరం భువనేశ్వర్‌ నగరానికి రూపకల్పన చేశారు. ఇంతమంది చేతి కింద పెరిగిన పట్టణం భారతదేశంలో మరొకటి దొరకడం కష్టం. అయితే ఆ ప్రణాళికల చూపు ప్రధానంగా కంపెనీ ఉద్యోగి ఇంటి మీదనే నిలిచింది. గోడలు కట్టిన కూలీలు, పాలు పోసినవారు, చిల్లర దుకాణదారులు ప్రణాళిక గీతలకు అవతల గుడిసెలు వేసుకున్నారు. బస్తీలు పుట్టింది అలాగే.

1972లో బీహార్‌ భూసంస్కరణల చట్టానికి చేసిన సవరణతో కంపెనీ భూములు ప్రభుత్వపరమై, తిరిగి లీజు రూపంలో కంపెనీకి దక్కాయి. 1985లో కుదిరిన లీజు ఒప్పందం 1956 జనవరి 1 నుంచి 40 ఏళ్ళకు వర్తించింది. అప్పటి విస్తీర్ణం సుమారు 12,708 ఎకరాలు. 2005లో జార్ఖండ్‌ ప్రభుత్వం దానిని 1996 జనవరి 1 నుంచి మరో 30 ఏళ్ళకు పునరుద్ధరించినప్పుడు విస్తీర్ణం సుమారు 10,852 ఎకరాలకు తగ్గింది. తగ్గిన భూమిలో అధికభాగం బస్తీలదే. 86 బస్తీలుగా రాజకీయ వేదికల మీద పేరుపడిన ఆ నివాసాలు కంపెనీ లీజు నుంచి బయటపడ్డాయి. ఉన్నవారి పేరిట మాత్రం రాలేదు. భూమి ప్రభుత్వానిది, ఇల్లు ప్రజలది అన్న స్థితి ఏర్పడింది.

లీజు పరిధిలోని సబ్‌లీజు స్థలంలో కట్టాలంటే కంపెనీ భూవిభాగం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి, ఆపైన స్థానిక సంస్థ ప్లాను మంజూరు చేయాలి. రెండు గుమ్మాలు ఎక్కాలి గానీ దారి అంటూ ఉంది. బస్తీలో ఉన్నవారికి మొదటి గుమ్మమే లేదు. ప్లాను దరఖాస్తుకు యాజమాన్య పత్రం జతపరచాలి. పత్రం లేదు గనుక దరఖాస్తు లేదు. దరఖాస్తు లేదు గనుక సమీక్ష లేదు. పిల్లలు పెరిగి, పెళ్ళిళ్ళయి, పై అంతస్తు తప్పనిసరి అయినప్పుడు తాపీమేస్త్రీ అంచనాయే ఇంజనీరింగు, అతని అనుభవమే భద్రతా ప్రమాణం. ఎన్ని ఇనుప కడ్డీలు వేయాలి, ఈ గోడ మరో కప్పును మోస్తుందా అన్న ప్రశ్నలు ఏ కార్యాలయం ముందుకూ రావు. చట్టం ఆ ఇంటి దగ్గరకు వచ్చేది నోటీసు రూపంలోనే.

ఇందులో తెలుగు కుటుంబాల పాలు తక్కువ కాదు. ఉత్తరాంధ్ర నుంచి కర్మాగారాలకూ రైల్వేకూ పనికి వచ్చిన తరాలు ఈ నగరంలో స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు గుర్తుగా నిలిచి ఉంది. ఉద్యోగం ఉన్నంతకాలం కంపెనీ క్వార్టరు ఉంటుంది. పదవీ విరమణతో దానిని ఖాళీ చేయాలి. సొంత ఊళ్ళో భూమి అన్నదమ్ముల మధ్య ఎప్పుడో పంచబడి ఉంటుంది, పిల్లల చదువులు, ఉద్యోగాలు ఇక్కడ ముడిపడి ఉంటాయి. భవిష్యనిధి సొమ్ముతో బస్తీలో చిన్న ఇల్లో, కొత్త సముదాయంలో ఫ్లాటో కొనడమే మార్గం. ఆ ఫ్లాటు మూడో అంతస్తులో ఉండి, మంజూరు రెండంతస్తులకే ఉంటే నష్టపోయేది ఎవరు? కట్టినవారు అప్పటికే డబ్బు తీసుకుని వెళ్ళిపోయి ఉంటారు.

ప్లానును చూసే సంస్థ స్వరూపమూ చర్చనీయమే. 1924లో ఏర్పడిన జంషెడ్‌పూర్‌ నోటిఫైడ్‌ ఏరియా కమిటీని స్థానికులు అక్షేస్‌ అని పిలుస్తారు. దానికి ఎన్నికైన పాలకవర్గం లేదు. ప్రభుత్వం నియమించిన అధికారే అధిపతి. నీరు, రోడ్లు, చెత్త వంటి సేవలను లీజు ప్రాంతంలో కంపెనీ అనుబంధ సంస్థ చూస్తుంది. పారిశ్రామిక సంస్థ పౌరసేవలు అందిస్తున్న చోట మునిసిపాలిటీకి బదులు పారిశ్రామిక పట్టణాన్ని ప్రకటించవచ్చునని రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం చెబుతున్నది. ఆ వెసులుబాటు ఆధారంగా 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. ఆ నిర్ణయమూ న్యాయస్థానానికి ఎక్కింది. సేవల నాణ్యతలో ఈ నగరానికి మంచి పేరే ఉన్నది, అది కాదనలేనిది. కానీ పక్కింటివారు హద్దు దాటి కడుతున్నారని ఫిర్యాదు చేయదలచిన గోల్‌మురి వాసికి తన వార్డు సభ్యుడంటూ ఎవరూ లేరు. మిగిలింది శాసనసభ్యుని ఇల్లు, లేదా హైకోర్టు. ఒక సందులో సెట్‌బ్యాక్‌ వివాదం రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం దాకా పోవడం నగరపాలన బలాన్ని సూచించే విషయం కాదు.

తెలుగు రాష్ట్రాల అనుభవం ఇక్కడ కొంత ఉపకరిస్తుంది. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్‌-బీపాస్‌ చట్టం 75 చదరపు గజాల లోపు చిన్న ఇళ్ళకు అనుమతి అవసరాన్నే తీసివేసి, ఒక్క రూపాయితో నమోదును సరిపెట్టింది. అంతకు పెద్దవాటిలో 500 చదరపు మీటర్ల వరకు సొంత ధ్రువీకరణతో తక్షణ అనుమతి, ఆపైన 21 రోజుల గడువు. ఈ వేగం మెచ్చుకోదగినదే గాని, బస్తీ సమస్యకు మందు ఇది కాదు. సొంత ధ్రువీకరణకూ సొంత స్థలం ఉండాలి కదా. అంతకంటె పనికివచ్చేవి రెండు పాత ఏర్పాట్లు. మొదటిది 2014 డిసెంబరు 30న వచ్చిన 58, 59 నంబరు ఉత్తర్వులు. ప్రభుత్వ భూమిలో ఇళ్ళు కట్టుకున్నవారికి 125 గజాల వరకు ఉచితంగా, అంతకు మించితే రుసుముతో హక్కు కల్పించాలన్నది వాటి సారాంశం. రెండవది 2012 నాటి 168 నంబరు ఉత్తర్వు. కొంత పరిమాణానికి మించిన భవనాలలో నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేరిట తనఖా పెట్టించి, ప్లాను ప్రకారం పూర్తయిందని తేలాకే విడుదల చేస్తారు. హైదరాబాదులో అతిక్రమణలు లేవని ఎవరూ అనరు. అయినా కట్టేవారి సొమ్ములో కొంత భాగం పని పూర్తయ్యేదాకా ప్రభుత్వం చేతిలో ఉండడం, జరిగిపోయాక బేస్‌మెంటుకు తాళం వేయడం కంటె మేలైన పద్ధతి.

జార్ఖండ్‌లోనూ హక్కుల ప్రయత్నం జరగకపోలేదు. 1985 జనవరి 1కి పూర్వం నుంచి ఉన్న బస్తీ నివాసులకు 10 డెసిమళ్ళ వరకు లీజు ఇవ్వాలని 2018లో ప్రభుత్వం నిర్ణయించింది. పది డెసిమళ్ళు అంటే 484 చదరపు గజాలు; చాలా ఇళ్ళకు అది సరిపడా కొలతే. అయితే నివాసులు కోరుతున్నది లీజు కాదు, యాజమాన్యం. వారి పట్టుదలను తప్పుపట్టలేము గాని, యాజమాన్యం వచ్చేదాకా ఇంటి భద్రతను కూడా వాయిదా వేయడం అర్థం లేని పని. భూమి ఎవరిదన్న వివాదం మీద ఏ ప్రభావమూ ఉండదన్న షరతుతో, బస్తీ ఇంటి పునాది, కప్పు, మెట్లు, అగ్నిమాపక వాహనం వచ్చే దారి వంటివాటిని ఒక ఇంజనీరు చూసి చెప్పే ఏర్పాటు చేయడానికి యాజమాన్య నిర్ణయం అడ్డు కాదు. దానికి కావలసింది సిబ్బంది, కొద్దిపాటి నిధులు.

సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన రెండు తీర్పులు ఇప్పుడు ప్రతి నగరాన్నీ బంధిస్తున్నాయి. నవంబరు 13 నాటి తీర్పు ప్రకారం కనీసం 15 రోజుల ముందస్తు నోటీసు లేకుండా ఇల్లు కూల్చరాదు. రోడ్లు, నదీతీరాల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు మాత్రం ఇది వర్తించదు. డిసెంబరు 17 నాటి తీర్పు మీరట్‌లో నివాస స్థలంలో లేచిన దుకాణాల వ్యాజ్యంలో వచ్చింది. ఎంతకాలం గడిచినా, ఎంత పెట్టుబడి పెట్టినా అక్రమ కట్టడం సక్రమం కాబోదని అందులో ధర్మాసనం స్పష్టం చేసింది. మంజూరైన ప్లానును నిర్మాణ స్థలంలో అందరికీ కనిపించేలా ఉంచాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌ చూశాకే విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వాలి, బ్యాంకులు కూడా దానిని చూసే అప్పు ఇవ్వాలి, తప్పుడు సర్టిఫికెట్లు ఇచ్చిన అధికారులపై చర్య ఉండాలి. జంషెడ్‌పూర్‌లో కనెక్షన్లు ఇచ్చే చేతులు, ప్లాను చూసే చేతులు వేరువేరు సంస్థలవి. ఆ రెండింటి మధ్య ఒక జాబితా నెలనెలా మారితే చాలు, తీర్పులోని ఆ నిబంధన గోల్‌మురిలో అమలయినట్లే. బస్తీలకు అదే నిబంధనను యథాతథంగా వర్తింపజేస్తే మాత్రం దశాబ్దాలుగా కాపురమున్న కుటుంబాల నీళ్ళు ఆగిపోతాయి.

2005లో పునరుద్ధరించిన లీజులోని 30 ఏళ్ళు 2025 డిసెంబరుతో పూర్తయ్యేవి. ఎకరాల లెక్క, అద్దె లెక్క మీద ఎంత చర్చ జరిగినా, సామాన్యుడు వెదకవలసిన అంశాలు వేరే ఉన్నాయి: సబ్‌లీజుదారుకు నిరభ్యంతర పత్రం ఎన్ని రోజులలో ఇవ్వాలి, ఇవ్వకపోతే కారణం ఎవరు చెప్పాలి, బస్తీల హద్దులు పటం మీద ఎక్కడ గీశారు. ఈలోగా గోల్‌మురిలో ఫ్లాటు కొనదలచినవారు విక్రేతను అడగవలసినవి మూడున్నాయి: సబ్‌లీజు పత్రం, ఎన్ని అంతస్తులకు ఆమోదముందో తెలిపే మంజూరు ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌. మూడవది 'వస్తుంది' అని చెబితే, అది వచ్చేదాకా బయానా కూడా ఇవ్వనక్కరలేదు.