లారీ ఎక్కని టమోటా

మదనపల్లె మార్కెట్‌యార్డులో టమోటా బాక్సులు లారీకి ఎక్కుతుంటే ఎప్పుడైనా చూశారా? కాయలన్నీ ఒకే తీరు, ఒకే ఎరుపు, చేత్తో నొక్కినా సొట్టపడవు. చెన్నై, ఢిల్లీ దాకా పోయినా నలగని రకాలవి. ఆ గట్టితనమే రైతుకు కూడు పెడుతోంది. 2023 జులైలో కిలో రెండొందల దరిదాపులకు పోయింది ఆ యార్డులోనే. గిట్టక రైతులు రోడ్డుపక్కన పారబోసిన రోజులూ చూశాం. ఆ ఆటుపోట్ల మధ్య నాటురకం వేయమని రైతును అడగలేం. కానీ మిద్దె మీద కాసి వంటింట్లోకి దిగే కాయకు లారీని తట్టుకునే తోలెందుకు? నాటు టమోటాను నిలబెట్టే పూచీ ఇక మన ఇళ్లదే.

మా అమ్మది పాకాల దగ్గర పల్లె. బావిగట్టున నాటు టమోటా కాసేది. అణిగినట్టుండే కాయ, చుట్టూ గాడులు, పల్చటి తోలు. సాయంత్రం కోస్తే మర్నాటికి మెత్తబడేది. నాలుగు కాయలు పచ్చిమిరపకాయలతో మగ్గబెట్టి రోట్లో నూరితే చింతపండుతో పనే లేదు, సంగటిముద్ద ఇట్టే దిగిపోయేది. బాగా మాగిన కాయను అమ్మ పేడలో పిసికి గోడకు కొట్టేది. అదునొచ్చాక ఆ పిడకను నలిపి మడిలో చల్లేది.

తిరుపతిలో కాపురం పెట్టాక అంగట్లో ప్యాకెట్ కొని కుండీల్లో వేశాను. తొలి ఏడు విరగకాసింది. వాటి గింజలే దాచి మరుసటి ఏడు వేస్తే ఒక చెట్టు పొడుగు, ఒకటి పొట్టి; ఒకదాని కాయ గుండ్రన, ఇంకోదానిది కోల. హైబ్రిడ్ గుణమే అంత. రెండు రకాలను కలిపి పుట్టించిన తొలితరం ఒక్కతీరుగా ఉంటుంది, మలితరంలో గుణాలు విడిపోతాయి. నాటు టమోటాకు ఆ బెడద లేదు. దాని పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి తల్లి ఎలాగో పిల్లా అలాగే.

చిన్నమ్మ పెరట్లో మిగిలిన అమ్మ విత్తనంతో మళ్లీ మొదలుపెట్టాను. తెగులు సోకని చెట్టున బాగా పండిన కాయను ఎంచి, గింజల్ని గుజ్జుతో సహా గ్లాసులోకి పిండి, రెండు మూడు రోజులు నీడన ఉంచుతాను. పైన తెల్లటి పొర కట్టి పులిసిన వాసన వస్తుంది. మొలకను ఆపే జిగురు వదిలేది అప్పుడే. నీళ్లు పోసి కలిపితే గట్టి గింజ అడుక్కి దిగుతుంది, తాలు పైకి తేలుతుంది. కడిగి పళ్లెంలో పలచగా ఆరబెట్టి, పొట్లం కట్టి, ఏడాది రాసిపెడతాను. మన మే ఎండలకు పూత రాలిపోతుంది. అందుకే అక్టోబరు చివర చూరు కింద నారు పోసి, ఈశాన్య వానల జోరు తగ్గాక నాటుతాను. సంక్రాంతి దాటాక కాయ పండుతుంది.

నిరుడు తెల్లదోమ పడి నా చెట్లన్నీ ఆకుముడతతో పోయాయి. ఆ ఏడు గింజ మిగల్లేదు. అంతకుముందు కొర్లగుంటలోని స్నేహితురాలికి ఒక పొట్లం ఇచ్చి ఉన్నాను. ఆమె కుండీ నుంచే అమ్మ టమోటా నాకు తిరిగొచ్చింది. విత్తనాన్ని ఒక్కరే దాచుకుంటే ఒక్క తెగులుతో పోతుందని ఆ రోజు తెలిసింది.

విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకు ఇచ్చింది. చట్టం హక్కునిస్తుంది, గింజను మనమే నిలుపుకోవాలి. 1961 నుంచి తిరుపతిలో వ్యవసాయ కళాశాల ఉంది. ఏటా దసరా ముందు అక్కడ ఒక్కరోజు విత్తనాల సంత పెట్టించాలని అధికారులను కోరుతున్నాను. పెట్టిన నాడు నా పొట్లాలతో అందరికంటే ముందే వస్తాను. తీసుకునేవారిని నేను అడిగేది ఒక్కటే: తొలికాపులో మంచి కాయ ఒకటి కూరకు కోయకుండా, గింజకు వదలండి.