మోకు మీద ప్రాణము

తాటిచెట్టు మీదినుండి పడి గీత కార్మికుడు మరణించెనను వార్త మన దినపత్రికలలో జిల్లా పుటను దాటి మొదటి పుటకు వచ్చుట మిక్కిలి అరుదు. వచ్చిన నాలుగు పంక్తులలోను మృతుని పేరు, ఊరు, భార్యాబిడ్డల సంఖ్య, ప్రభుత్వము ఆదుకొనవలెనను సంఘ నాయకుల విజ్ఞప్తి ఉండునే గాని, అతడు ఎక్కుచుండగా పడెనా, దిగుచుండగా పడెనా, మోకు తెగెనా, కాలు జారెనా, చేత పట్టిన మట్ట విరిగెనా అను ప్రశ్న ఎవ్వరికిని తోచినట్లు కానరాదు. బస్సు లోయలో పడినచో బ్రేకులు పనిచేసెనా, డ్రైవరు కునికెనా అని ఆరాతీయు మనము, బాయిలరు పేలినచో విచారణ సంఘమును కోరు మనము, మనిషి చెట్టు మీదినుండి పడుటను మాత్రము ఋతుధర్మములలో నొకటిగా నెంచి ఊరకుందుము. ఆ పతనమునకు కారణము కలదనియు, కారణము కలదు గనుక నివారణయు కలదనియు నమ్మనంతకాలము మన సానుభూతి అంత్యక్రియల ఖర్చునకు మించి దేనికిని పనికిరాదని నా అభిప్రాయము.

ఈ వృత్తి నెరుగనివారు మొదట అడుగు ప్రశ్న యొకటి కలదు: వాన కురియుచు మ్రాను పాచిపట్టి జారుచున్న దినమున ఎక్కుట మానరాదా? మానరాదు. తాటిగెల మొనను కత్తితో పలుచగా గీసినప్పుడే రసము స్రవించును. గీయుట మానినచో ఆ కోత ఎండి స్రావము నిలిచిపోవును. నిలిచినదానిని మరల రప్పించుట కష్టసాధ్యము. కావున ఒకమారు గీత మొదలుపెట్టిన చెట్టు తన మనిషిని ప్రతిదినము, సాధారణముగా ఉదయమొకమారు, సాయంకాలమొకమారు, పైకి రప్పించుకొనుచునే యుండును. నడుమునకు ముస్తాదు బిగించి, కత్తులును లొట్టియు దానికి తగిలించి, పాదములకు గుజి వేసికొని, తన దేహమును మ్రానును కలిపి మోకు చుట్టి, వెనుకకు వాలుచు మోకును పైకి జరుపుచు, దానివెంట కాళ్లను లాగికొనుచు, కొమ్మయన్నది లేని ఏబది అరువది అడుగుల స్తంభము నతడు ఎగబ్రాకును. క్రిందనుండి చూచువానికి అదియొక విద్యవలె తోచును. విద్యయే. బాల్యమునుండి తండ్రివెంట తిరిగి నేర్చినదే గాని ఏ పాఠశాలలోను నేర్పునది కాదు. అయితే విద్య గలవాడు పడడనుకొనుట చూచువాని భ్రాంతి. పడినవారిలో ముప్పది యేండ్ల అనుభవము గలవారును ఉందురు.

ఏలయనగా మోకు ఎక్కించు సాధనమే గాని ఆపు సాధనము కాదు. మనిషి బరువు వెనుకకును, పాదముల ఒత్తిడి ముందునకును సమముగా నున్నంతవరకే అది మ్రానును కరచియుండును. పాదము జారిన మరుక్షణమున ఆ ఒత్తిడి పోయి, మోకు సడలి, మనిషితోపాటు క్రిందికి దొరలును. లేదా ఎక్కడనో చిక్కువడి అతనిని తలక్రిందులుగా నడిచెట్టున వ్రేలాడదీయును. 50 అడుగుల ఎత్తునుండి అడ్డులేక పడు దేహము రెండు సెకనులు నిండకముందే నేలను చేరును. చేరునప్పటి దాని వేగము గంటకు సుమారు 62 కిలోమీటర్లు. ఆ వేగమున పోవు మోటారుసైకిలు గోడకు తగిలినచో దానిపైనున్నవాని గతి యేమగునో ఎవరికిని వివరింప నక్కరలేదు. మరణింపక మిగిలినవాని స్థితి కొన్నిమార్లు అంతకంటె దారుణము: వెన్నెముక విరిగి, నడుము క్రింది భాగము చచ్చుబడి, మంచమున పుండ్లు పడి, ఏండ్ల తరబడి ఇల్లాలి చేతిమీద బ్రతుకవలసి వచ్చును, ఆమె కూలికి పోయినచో అతనికి నీళ్లిచ్చు దిక్కుండదు, పోకున్నచో ఇంట పొయ్యి వెలుగదు. 2023లో హుస్సేన్‌సాగర తీరమున నీరా కేఫ్ తెరచినప్పుడు నీరా గుణగణములను గూర్చి మన నగరవాసులు ముచ్చటించుకొన్నదానిలో పదియవ వంతైనను ఆ నీరా ఎట్టి చెట్టునుండి ఎట్లు దిగివచ్చుచున్నదని ముచ్చటించుకొని యుండిన బాగుండెడిది.

ఇక్కడ దూరదేశపు సంగతి యొకటి ప్రస్తావించుట అప్రస్తుతము కాదు. అమెరికాలో జింకల వేటగాండ్రు చెట్టునకు మంచె అమర్చుకొని దానిమీద పొంచియుందురు. ఆ మంచె ఎత్తు సాధారణముగా 15, 20 అడుగులు. అనగా మన తాటిచెట్టులో మూడవ వంతు. అయినను, వేటలో ప్రాణమునకు వచ్చు పెద్ద గండములలో మంచె మీదినుండి పడుట యొకటి యని వారు గుర్తించి, ఆ పతనములను ఓపికతో పరిశీలించిరి. ఒకప్పుడు నడుమునకు కట్టు ఒంటి పట్టీ చాలుననుకొనిరి. దానికి వ్రేలాడువాని ఊపిరిని ఆ పట్టీయే బిగించునని తెలిసిన పిదప దానిని విడనాడి, తొడలను, రొమ్మును, భుజములను కలిపి పట్టు హార్నెస్సును మేలైనదిగా స్వీకరించిరి. మంచెమీద కూర్చున్నప్పటికంటె ఎక్కునప్పుడును, దిగునప్పుడును, నిచ్చెననుండి మంచెమీదికి అడుగు మార్చునప్పుడును ప్రమాదమెక్కువని తేలినది. దానికొరకు మంచెకు పైభాగమున చెట్టునకు కట్టి నేలవరకు విడిచిన త్రాడొకటి, దానిమీద మెల్లగా నెట్టినప్పుడు జరుగుచు, ఒక్కసారిగా బరువు పడినప్పుడు బిగిసిపోవు ముడియొకటి ఏర్పడినవి. నేలను విడుచుటకు ముందే తగిలించుకొని, నేలను తాకిన పిదపనే విప్పుకొనవలెనన్నది అక్కడి నియమము. తుపాకిని సైతము చంక తగిలించుకొని ఎక్కరాదు. గుండ్లు తీసి, పైకి చేరిన పిదప త్రాటితో చేదుకొనవలెను. సంవత్సరమునకు కొలది వారములు వినోదార్థము ఎక్కువారి విషయమున ఇంత వివరము పోగైనది. సంవత్సరమున పెక్కుమాసములు పొట్టకొరకు ఎక్కువారి విషయమున మనము ఇటీవలనే కదలితిమి.

కదలిన మాట నిజము. తెలంగాణ ప్రభుత్వము 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలము లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష’ యను పేర గీత కార్మికులకు రక్షణ కిట్ల పంపిణీని ఆరంభించెను. నడుమును తొడలను పట్టు పట్టీలు, మ్రానును చుట్టి బిగియు త్రాళ్లు, కొక్కెములు అందుండును. కాలు జారినను మనిషి ఉన్నచోటనే నిలిచిపోవుననునది దాని సూత్రము. సూత్రము సరియైనది, ఆ పని చేసినవారిని మనసార మెచ్చుకొందును. గౌడులు కొలుచు దైవము పేరు దానికి పెట్టుటయు నాకు సమ్మతమే, బాధ్యతను సైతము ఆ దైవమునకే అప్పగింపకున్నచో.

కిట్టును చేతికిచ్చి ఫొటో తీయించుకొనుటతో ప్రభుత్వము పని తీరలేదు. నిజమునకు అప్పుడే మొదలైనది. ఉదయము ఇరువది చెట్లెక్కవలసిన మనిషి యున్నాడనుకొందము. ప్రతి చెట్టుకడ పట్టీలు సవరించుకొని, త్రాడు మార్చి, కొక్కెము పరీక్షించుకొనుటకు అయిదు నిమిషములు అధికముగా పట్టినచో, నూరు నిమిషములు పోయినవి. సాయంకాలము మరల నూరు. ఎండ ఎక్కినకొలది కల్లు పులియును, కొనువారు దారిపట్టుదురు. అట్టివాడు కిట్టును ఇంటి చూరుకు తగిలించి, తాతనాటి మోకుతోనే బయలుదేరినచో, అతనికి ప్రాణముమీద తీపి లేదనియు, మూర్ఖుడనియు అధికారులు అనుట న్యాయము కాదు. అతడు తన లెక్క తాను వేసికొన్నాడు. మార్చవలసినది ఆ లెక్కను. అనగా కవచము మోకు నడకకు అడ్డుపడక దానితోపాటే కదలునట్టిదై యుండవలెను, చెట్టునకు ఒక నిమిషమునకు మించి కాలమును మ్రింగరాదు. అట్టిది గీత కార్మికుల నడుమ కూర్చుండి, వారు పెదవి విరిచినప్పుడెల్ల మార్చుకొనుచు చేయవలసినదే గాని, పర్వతారోహణ పరికరములను ఉన్నవున్నట్లు తాటివనమునకు తరలించుటచేత సిద్ధించునది కాదు.

కేరళను చూడుడని కొందరందురు. అక్కడ కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో చెట్లెక్కు యంత్రముతో యువతీయువకులకు శిక్షణ యిచ్చు పథకమును ఆరంభించెను, అది ప్రశంసార్హమైనదే. అయితే కాయలు దింపువాడు ఒక్కొక్క కొబ్బరిచెట్టును ఇంచుమించు నెలన్నరకొకమారు ఎక్కును. మ్రానునకు యంత్రము బిగించి, విప్పి, మోసికొనిపోవుటకు అతనికి తీరికయుండును. ప్రతిదినము అవే చెట్లను మరల మరల ఎక్కువానికి ఆ యంత్రము భారమగును. పైగా ఎండుమట్టల మొదళ్లు మిగిలి గరుకుదేలిన తాటిమ్రాను కొబ్బరిమ్రానంత నునుపైనది కాదు.

మరియొక విషయము ఎవరును చెప్పగా వినలేదు. కవచము మనిషిని పడకుండ ఆపినదనుకొందము. అప్పుడతడు నలుబది అడుగుల ఎత్తున పట్టీలకు వ్రేలాడుచుండును. కదలలేక అట్లు వ్రేలాడువాని తొడలయొద్ద పట్టీలు ఒత్తి, రక్తము కాళ్లలోనే నిలిచి, కొలది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. ఆలస్యమైనచో ప్రాణమే పోవచ్చును. అగ్నిమాపక శకటము పట్టణమునుండి రావలెను. వచ్చినను పొలముగట్టు మీదుగా వనములోనికి పోలేదు. అతనిని దింపగలవాడు ప్రక్కచెట్టు మీది గీత కార్మికుడొక్కడే. కనుక ప్రతి గ్రామమున గీత సంఘమునకు ఇద్దరు ముగ్గురికైనను చిక్కినవానిని దింపు విద్యను నేర్పి, దానికి తగిన పొడవాటి త్రాటిని సంఘము వద్దనే ఉంచుట అవశ్యము. ఎండకు, వానకు, కల్లు తడికి త్రాడు బలహీనపడును. దానిని ఎన్నినాళ్లకు మార్చవలెనో, మార్పునకు ఖర్చు ఎవరిదో పంపిణీనాడే చెప్పవలెను. చిరిగిన పట్టీని నమ్ముకొని ధైర్యముగా వాలినవాడు, ఏ పట్టీయు లేక భయముతో ఎక్కినవానికంటె ముందుగా పడును.

చెట్టు మీదినుండి పడి మరణించినవాని కుటుంబమునకు తెలంగాణలో 5 లక్షల రూపాయల పరిహారము నిర్ణయమై యున్నది. ఆ సొమ్ము సకాలమున అందవలెనని కోరుట ధర్మమే. అయితే పరిహారమునకై వచ్చు ప్రతి దరఖాస్తును ఆబ్కారీ శాఖ సొమ్ము చెల్లింపునకే గాక, పతన కారణమును తెలిసికొనుటకును వాడుకొనవచ్చును. ఏ వేళ పడెను, ఎక్కుచునా దిగుచునా లేక తలభాగమున మట్టల నడుమ గీయుచునా, మ్రాను తడిసియుండెనా, మోకు వయసెంత, కిట్టు ఇచ్చియుండిరా, ఇచ్చినచో ధరించెనా, ధరింపనిచో ఏల ధరింపలేదు? ఈ ప్రశ్నలను దరఖాస్తు పత్రమున చేర్చి, సమాధానములను ఏటేట జిల్లాలవారీగా ప్రకటించుటకు శాసనసభ తీర్మానము అక్కరలేదు. శాఖాధిపతి సంతకముతో వెలువడు ఒక్క ఉత్తరువు చాలును.