కాంతికి కావలి

‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్న నానుడి లోకరీతిని తెలుపుతుంది. విజ్ఞానశాస్త్రం సైతం ఈ రీతికి అతీతం కాదు. దృశాతంతు లేసర్లలో వాడే నానో మిశ్రమ పదార్థాల చరిత్రే ఇందుకు నిదర్శనం.

1960లో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేసర్‌ను వెలిగించారు. అనంతరకాలంలో వెంట్రుకవంటి గాజు తంతువులోనే లేసర్ కాంతిని పుట్టించడం సాధ్యమయింది. ఎర్బియం వంటి మూలకాన్ని స్వల్పంగా చేర్చిన తంతువులో కాంతి తిరుగుతూ బలపడుతుంది. అయితే కొన్ని పనులకు ఎడతెగని కాంతిధార పనికిరాదు. క్షణికమైన మెరుపులు, అనగా స్పందాలు కావాలి. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను. కొన్ని వందల ఫెమ్టోసెకన్ల స్పందాలు చుట్టుపక్కల కణజాలానికి వేడి సోకనీయకుండా కంటి కార్నియాను కోయగలవు.

అట్టి స్పందాలను రూపొందించే సాధనాలలో సంతృప్త శోషకం ముఖ్యమైనది. అది ద్వారపాలకుని వంటిది. ఒంటరిగా వచ్చినవారిని అడ్డగించే కావలివాడు జాతర జనం ఒక్కుమ్మడిగా వస్తే నిలువరించలేడు. అట్లే ఈ పదార్థం బలహీన కాంతిని పీల్చుకుంటుంది. తీక్షణ కాంతి తాకినపుడు ఇక పీల్చుకోలేక దారి విడుస్తుంది. ప్రతి చుట్టులోనూ ఈ వడపోత జరిగి, చివరకు బలమైన స్పందమే నిలుస్తుంది.

1992లో ఉర్సులా కెల్లర్ అర్ధవాహక దర్పణంతో ఈ కార్యాన్ని సాధించారు. అది నమ్మకమైనదే గాని, దాని తయారీకి ఖరీదైన పరికరాలు కావాలి. 2003లో జపానులోని పరిశోధకులు కార్బన్ నానో గొట్టాలను ప్రయోగించారు. వీటిని పాలిమర్‌లో సమంగా కలిపి పలుచని పొరగా ఆరబెట్టి, చిన్న ముక్కను రెండు తంతువుల కొనల మధ్య ఇమిడిస్తే చాలు. 2009లో గ్రాఫీన్, ఆపై మాలిబ్డినం డైసల్ఫైడ్, నల్ల భాస్వరం ఈ వరుసలో చేరాయి.

ఈ అన్వేషణను తప్పుపట్టడం తగదు. కొత్త పదార్థం కొత్త తరంగదైర్ఘ్యాలకు దారి చూపవచ్చు. కాని తొలి స్పందం కనిపించగానే విజయమని చాటి, మరొక పదార్థం వెంట పరుగెత్తడం శాస్త్రధర్మం కాదు. పాలీవినైల్ ఆల్కహాల్ పొర గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అధిక శక్తికి వేడెక్కి చెడుతుంది. నల్ల భాస్వరం గాలి తగిలితే క్షీణిస్తుంది. అంతేకాదు, కొన్ని తంతు లేసర్లలో శోషక పదార్థం లేకున్నా, కాంతి ధ్రువణంలోని మార్పుల వలన స్పందాలు పుట్టవచ్చు. కనుక పొరను తొలగించినపుడు స్పందాలు ఆగుతున్నవో లేదో పరీక్షించనిదే ఆ ఘనత పదార్థానిదని చెప్పరాదు.

శస్త్రవైద్యునికి కావలసినది వింత పదార్థం కాదు. మొదటి రోగికి పనిచేసినట్లే వెయ్యవ రోగికీ పనిచేసే పరికరం. ఆ వెయ్యవ రోగి కన్ను పొర మన్నికపై ఆధారపడి ఉంటుంది. కాబట్టి అతి చిన్న స్పందాన్ని సాధించిన వారికి లభించే కీర్తి, ఒకే పొరను నెలల తరబడి ఓర్పుతో పరీక్షించిన వారికీ లభించాలి. రేపటి ప్రయోగశాలల్లో అడుగిడనున్న యువత కొత్తదనాన్ని ఆదరిస్తూనే, మన్నికను గీటురాయిగా గ్రహించాలి. కనుగొనడం శాస్త్రంలో సగమే. నిలిచేదేదో నిగ్గు తేల్చడం తక్కిన సగం.